ఇంజను గది

రాత్రి తొమ్మిదిన్నరకి
మా రాయదుర్గంలో కరెంటుంటే
నక్షత్రాల్లోకి ఓడ బయల్దేరుతాది.

ఓడకొక కెప్టెన్. యాభై ఐదు.
మీసానికి రంగేసినారు గానీ
మెడ మీది ముడతల్ని మర్చిపోయినారు.
పక్కన ఓడ నడిపే పిల్ల,
ఇరవై నాలుగు దాటింటే ఒట్టు.
ప్రతి గురువారం ఇద్దురూ అద్దం కాడికొస్తారు,
బయట ఏదో ఒక గ్రహం పగిలిపోతాంటాది,
ఆయప్ప ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటాడు.
వయొలిన్లు.

పొద్దున జీన్సు కార్ఖానాలో
పదహారు మిషన్లకీ అదే దారం.
"ఆయప్పది ఆ బిడ్డ నాయిన ఈడు" అంటాది షేకున్‌బీ.
"మగోనికి వయసేందిమే" అంటాది మారెక్క,
"ఎద్దుకైతే పండ్లు చూస్తారు."
అందురూ నగుతారు.
నేను జిప్పులు కుడతాంటా.
నన్ను మేనమామకే ఇచ్చినారు, పద్నాలుగేండ్లు పెద్ద.
పెండ్లినాడు బియ్యం లెక్కేసినారు,
ఆకులూ వక్కలూ లెక్కేసినారు,
ఆ పద్నాలుగుని ఎవురూ లెక్కెయ్యలేదు.
ఆయన పోయి ఆరేండ్లు.

ఒగనాడు పక్కింట్లో పసిబిడ్డకి జొరమని
సౌండు తీసేసి చూసినా.
వయొలిన్లు లేకపోతే
వాళ్లిద్దరి నడుమ ఏమీ లేదు.
పిల్ల ఆయప్ప చెవి పక్కకి చూస్తాంది,
అక్కడెవురో గడియారం పట్టుకోని నిలబడినట్టు.
ఆయప్ప మొగాన్ని
తనకి బాగా కుదిరే పక్కకి తిప్పుకుంటాండాడు.

అప్పుడు కనపడింది ఆమె.
ఇంజను గదిలో ఉంటాది. అరవై ఉంటాయి.
తెల్లెంటికలు, మోచేతుల దాకా మసి.
వారానికి నాలుగు మాటలు:
ఇంజను సిద్ధం. ఇంకో గంట కావాల. కాదు. సరే.
కెప్టెన్ వెనక్కి చెయ్యి చాపినాడు.
ఆమె చూడకుండానే పానా పెట్టింది,
ఆయన చూడకుండానే పట్టుకున్నాడు.
అర సెకను.
నా మెడ మీద వెంట్రుకలు లేచినాయి.

రసాయన శాస్త్రంలో టెన్త్ తప్పినదాన్ని నేను.
అయినా, తొట్టిలో నీలం
బట్టని ఏ గడియలో పట్టుకుంటాదో,
మంట లేకుండా, మోత లేకుండా,
అది మాకు ఎవురూ నేర్పియ్యక్కర్లేదు.

పోయిన వారం ఓడ
కాలాన్ని మింగే నల్ల గుంత పక్కకి పోయింది.
అక్కడ ఒగ గంటంటే
ఓడలో పద్దెనిమిదేండ్లంట.
చిన్న పడవలో పోయిన కెప్టెన్ తిరిగొస్తే
తలుపు కాడ అదే పిల్ల,
జుట్టుకి పౌడరు పూసి నలభై రెండు చేసినారు.
"ఇంగ సరిపాయె" అన్నాది మారెక్క.

ఇంజను గది తలుపు మాత్రం ఆ రోజు తియ్యనేలేదు వాళ్లు.
నేను పండుకోని కూడినా, అరవైకి పద్దెనిమిది.
డెబ్బై ఎనిమిదేండ్ల మనిషికి
కత రాసినోని కాడ
ఆ నాలుగు మాటలు గూడా మిగల్లేదేమో.

కూడికలు మొదలుపెడితే ఆగవు.
నాకు నలభై మూడు.
కటింగ్ మాస్టరు తిప్పేస్వామికి ముప్పై నాలుగు.
ఆ గుంత పక్కన నేనొక అరగంట కూర్చోనొస్తే
ఇక్కడ ఆయనకి తొమ్మిదేండ్లు గడిచిపోతాయి.
అరగంట.
మా కార్ఖానాలో అన్నం బెల్లుకిచ్చేది అంతే.
గిన్నె మూత తీసి, కొర్రన్నంలోకి ఊరుబిండి నంజుకోని,
చెయ్యి కడుక్కునేలోపల అయిపోతాది.

కానీ ఆ తొమ్మిదేండ్లూ
ఆయన ఏం తిన్నాడో, యాడ పండుకున్నాడో,
ఏ మాటకి నగినాడో
నాకు తెలీకుండా పోతాది గదా.
వద్దులే. ఉండనీ, తొమ్మిది.

తిప్పేస్వామి అందుర్నీ వరస పెట్టి పిలుస్తాడు.
షేకున్‌బీని చిన్నమ్మా అని, మారెక్కని అక్కా అని,
కసువూడ్చే ముసలామెని అవ్వా అని.
ఉగాది నుంచీ నన్ను మాత్రం ఏమీ అనడు.
బట్ట మీద వంగి, వెనక్కి చెయ్యి చాపి
"సుద్దముక్క" అంటాడు. అంతే.

నేను చూడకుండానే ఇస్తా.

లేదు, అబద్ధం.
ఒగసారి చూసినా.