నూటికి ముప్పై

మొదటి జత నవంబరులోనే పోయింది.
గరాజులో ఎనిమిది డిగ్రీలు.
పద్దెనిమిదికి తగ్గకూడదని సీసా మీద రాసే ఉంది,
నా కళ్లద్దాలు బస్సులో ఉన్నాయి.
మూడు రోజులైనా వేలికి అంటుతూనే ఉంది జిగురు.
నాలుగో రోజు మోకాలికి ఆనించి వంచాను.
గాజుబట్ట ఒక దారి, చెక్క ఒక దారి.
పెద్ద చప్పుడు కూడా లేదు,
ఉల్లిపొర ఊడినట్టు.

ఈసారి లుబ్లియానా దాకా వెళ్లాను,
పడవల సామాను అమ్మే కొట్టుకి.
కుర్రాడు మూడు సీసాలు వరసగా పెట్టాడు.
ఒకటి ఎనిమిది నిమిషాల్లో బిగుస్తుంది,
ఆలస్యమైతే పొగలు కక్కి గిన్నెనే కరిగిస్తుంది.
ఒకటి ఎండకి పసుపెక్కదు, కానీ పెళుసు.
మూడోది నిదానం.
ముప్పావుగంట చెప్పినట్టు వింటుంది,
తర్వాత రాత్రంతా వెచ్చగా పడుకోబెట్టాలి.
"వంగుతుంది, విరగదు," అన్నాడు.
ఇరవై రెండేళ్లుగా బడిబస్సు నడుపుతున్నాను,
ఆ మాటకే డబ్బులు తీశాను.

వెచ్చదనం ఎక్కణ్ణించి తేను?
బోహిన్ లోయలో నాకు తెలిసిన కరెంటు దుప్పటి ఒక్కటే:
పేరుకున్న తేనె కరగడానికి
ఇజిదోర్ డబ్బాలకి చుట్టేది.
ఇజిదోర్‌కీ నాకూ మాటల్లేవు.
రెండేళ్ల కిందట గాలివానకి
మా ఇద్దరి కంచె మీద యాష్ చెట్టు కూలింది.
నేను ముందు లేచాను.
అతను లేచేసరికి దుంగలు నా షెడ్డులో ఉన్నాయి.

తలుపు కొట్టాను.
ఎందుకన్నాడు. చెప్పాను.
ఏం చెక్క అన్నాడు.
అదీ చెప్పాను.
లోపలికి వెళ్లి ఎంతకీ రాడు.
వచ్చాక చూస్తే చంకలో దుప్పటి, చేతిలో తూనిక,
గ్రాములో పదోవంతు చూపించేది.
"నీ వంటింటి త్రాసుని నమ్మను."

నూటికి ముప్పై. బరువులో, పరిమాణంలో కాదు.
చిటికెడు అటూ ఇటూ అయినా సర్దుకోడానికి
పులుసు కాదిది.
అతను పోశాడు, నేను కలిపాను,
అంచులు గీకుతూ, అడుగు వదలకుండా,
గోడ మీది ముల్లు నాలుగు చుట్లు తిరిగేదాకా.
మబ్బుగా ఉన్నది తేటపడింది.
పుల్ల పైకెత్తి చూశాడు:
తీగ సాగింది, తెగలేదు.
"అడవితేనె కన్నా పలచన," అన్నాడు, కాస్త చిన్నచూపుగా.

తెల్లని గాజుబట్ట మీద ఒలకబోసి
రబ్బరు పలకతో లాగుతుంటే
బట్ట మాయమై
కింద చెక్క పైకి తేలింది,
చారలు, ఈనెలు,
మడమ దగ్గర తుప్పు తాగిన నల్లమరక.
ఇజిదోర్ చెయ్యి ఆగింది.
"కంచె మేకు. కొట్టింది నేనే."
ముప్పావుగంటలో ఒక నిమిషం అలా పోయింది.

ప్లాస్టిక్ సంచిలో మూసి గాలి లాగితే
ఎక్కడో సన్నగా బుస.
నాకు వినబడలేదు.
అతను సంచికి చెవి ఆనించి,
చలికాలం తేనెపెట్టె తట్టి
లోపల ప్రాణం ఉందో లేదో వినేవాడిలా,
ఆ మొన నుంచి ఈ మొన దాకా పాకాడు.
సూదిమొనంత చిల్లు.

దుప్పటి కప్పాం. యాభై డిగ్రీలు కావాలి.
నలభై దగ్గర అతని వేలు మొరాయించింది.
దాటితే తేనె చచ్చిపోతుందట,
ఆ మీట ఎన్నడూ అటు తిరిగింది లేదట.
"ఇది తేనె కాదు, ఇజిదోర్."
కళ్లు పక్కకి తిప్పుకుని తిప్పాడు.

తెల్లారి గిన్నెలో మిగిలిన బిళ్లని
గోటితో నొక్కాం, ముందు నేను, తర్వాత తను.
గీత పడలేదు.
"సగం చెక్క నాది," అన్నాడు.
"అయితే ఒక స్కీ తీసుకో."
"ఎడమదా, కుడిదా?"
నవ్వుతున్నాడేమోనని చూశాను. లేదు.
కొత్త స్కీలకి ఎడమా కుడీ ఉండవు,
అరిగాకే తెలుస్తుంది.
ఆ మాటే చెప్పాను.

కాసేపు నిలబడి
తూనిక మాత్రం పట్టుకుపోయాడు.
ఇంకో ఏడు రోజులు బరువు మోపొద్దని సీసా మీద ఉంది.
దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది.