పొడవు అనే గడి

మంచు విడిచిన నాలుగో రోజున
మొదటి విమానం సరస్సు మీద వాలింది.
ఆరుగురు మగవాళ్లు, పదకొండు గాలపు కర్రలు,
దోమల మందు ఘాటు.
అందరికన్నా చివర దిగాడు వెండెల్ ఓస్గార్డ్,
అయోవాలో నలభై ఏళ్లు పళ్లు పీకి
ఈ ఏడే కుర్చీ అమ్మేసినవాడు.
"లియోకాడీ, ఈసారైనా యాభై" అన్నాడు.
యాభై అంటే అంగుళాలు.
తొమ్మిది జూన్‌లుగా అదే మాట.
నలభై ఎనిమిదిన్నర దగ్గర ఆగిపోయిన మనిషి.

జూన్‌లో పైక్‌ని వెతకడానికి పెద్ద తెలివక్కర్లేదు.
సరస్సు నడుమ ఇంకా బూడిదరంగు మంచుపలక తేలుతుంటుంది.
గాలికి జరిగి ఒడ్డున పగిలిందంటే
గాజుల మలారం కుదిపినట్టు చప్పుడు.
ఎండ తగిలే నల్లబురద మూలల్లో
మోకాలిలోతు నీళ్లలో
గుడ్లు పెట్టి అలసిన ఆడచేపలు
దుంగల్లా పడి ఉంటాయి.
దుంగ తోక కదిపిందా,
మోటారు ఆపాలి. నోరు కూడా.

అమ్మమ్మకి నా పని గిట్టదు.
ఉల్దాయ్ అంటుంది దాన్ని, మా డెనె మాటలో.
"తినేదైతే పట్టు. తిననిదాన్ని పలకరించకు.
పట్టడం, ఫొటో దిగడం, వదలడం...
తిండితో ఆడుకుంటే తిండి అలుగుతుంది."
నేనేమంటాను?
ఆ ఫొటోల డబ్బే
చలికాలం మా ఇంట్లో మంట.

మూడో రోజు మధ్యాహ్నం
ఎరుపూ తెలుపూ చెంచా విసిరాడు.
లాగినట్టు లేదు, కొట్టినట్టూ లేదు.
చెంచా ఉన్నచోట నీళ్లు లోపలికి కుంగాయి, అంతే.
తర్వాత ఇరవై నిమిషాలు
రీలు అరిచింది, మేం అరవలేదు.

పడవ పక్కకి వచ్చాక నోరు తెరిచింది.
కుడి కింది దవడలో
ఎవరిదో పాత కొక్కెం,
తుప్పు మీదికి చిగురు వాచి.
వెండెల్ ముఖం మారిపోయింది.
పొద్దున కాఫీ వంచితే గిన్నె అంచుకి టకటకా తగిలిన చెయ్యి
పటకారు పట్టుకోగానే నిలబడింది.
"దీపం ఇటు" అన్నాడు నాతో.
"కొంచెం తెరువు తల్లీ" అన్నాడు దానితో.
సూదిపళ్ల మధ్య మణికట్టుదాకా చెయ్యి పెట్టి
ముందు పాతది తీశాడు.
ఆ తర్వాతే తనది.

తోక మొదలు పట్టుకుని
నీళ్లలో నిలబెట్టాడు చాలాసేపు.
ఎప్పుడు వెళ్లిందో ఇద్దరం చూడలేదు.
చేతిలో నీళ్లు మిగిలాయి.
టేపు ఇంకా నా ఒళ్లోనే చుట్టగా ఉంది.
"ఎంతుంటుంది?" అన్నాడు.
"ఏమో" అన్నాను.
తిరుగుదారి పొడుగునా ఇంకేం అడగలేదు.

లాడ్జిలో దస్తరం తెరిచి
పేరు, తేదీ, ఎర రాశాను.
పొడవు అనే గడి దగ్గర కలం ఆగింది.
నా చేతిలోంచి తీసుకుని తనే రాశాడు:
కుడి కింది దవడ. ఒకటి తీశాను. రక్తం తక్కువ.
వంటవాడు నవ్వాడు. చికాగోవాళ్లు కూడా.

సెప్టెంబరు.
పడవలన్నీ బోర్లా పడుకున్నాయి.
బాతులు దక్షిణానికి అరుచుకుంటూ పోయాయి.
లాడ్జికి తాళం వేసి
మేం చలికాలానికి వల వేశాం.
రెండో పొద్దున వల బరువు చూసి దుంగ అనుకున్నా.
కుడి కింది దవడలో నున్నగా మానిన గుంట.
అలాంటి గుంటలు ఎన్ని చేపలకి లేవు!
అమ్మమ్మ బొటనవేలు ఆ చోట ఒకసారి తిరిగింది.
"ఎవరో శుభ్రంగా చూశారు దీన్ని" అంది,
కత్తి అందుకుంది.
విల్లో పొగ మీద నాలుగు రోజులు
పొడుగ్గా వేలాడింది.
టేపు గూట్లోనే ఉంది.
నేను తీయలేదు.

క్రిస్మస్ ముందు టపా విమానంలో ఉత్తరం.
అక్షరాలు గీతలు దాటి వణుకుతున్నాయి.
వచ్చే జూన్ సంగతి ఏమీ లేదు.
చివర్లో ఒక్క వాక్యం:
మన పేషెంటు ఎలా ఉంది?

కిటికీలో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
పొయ్యి పక్కన అమ్మమ్మ
ఎండుచేప ముక్క తుంచి నా చేతిలో పెట్టింది.
నమిలాను. చాలాసేపు నమిలాను.

బాగుంది, అని రాశాను.
అబద్ధం కాదు.