అన్యపదార్థం

రాతిపువ్వు ఏడాదికి ఎంత పెరుగుతుందని
పదకొండేళ్ళూ నన్నెవరూ అడగలేదు.
నేనే చెప్పుకుంటూ వచ్చాను:
ఒక మిల్లీమీటరు. వానలు బాగుంటే ఒకటింబావు.

మహేంద్రగిరి మీద పదిహేడు బండలు నావి.
నావి అంటే పట్టా ఉందని కాదు.
పువ్వు అంచుకి ఆనించి
ఏటేటా నేను పెట్టిన ఎర్ర ఎనామిల్ చుక్కలు,
పైన ప్లాస్టిక్ కాగితం పరిచి గీసుకున్న గీతలు.
కార్తీకం వెళ్ళాక ఎక్కేదాన్ని.
సొంబారు రయితా ముందు నడిచేవాడు, కత్తితో తీగలు కొడుతూ.
"ఈసారైనా పెద్దదయిందా?"
అయిందని చూపుడువేలి గోరు మీద చూపించేదాన్ని.
మర్యాదకి తలూపి బీడీ ముట్టించేవాడు.

కింద యూనివర్సిటీలో వేరే లెక్క.
ఆర్నెల్లకో పొడిగింపు ఉత్తరం,
ఎనిమిది నెలల ఫెలోషిప్ బకాయి.
ఏడో ఇంటర్వ్యూలో నాకన్నా చిన్నవాడు
"దీనివల్ల సమాజానికేటి లాభం?" అన్నాడు.
జవాబు తెలుసు. నోరు రాలేదు.
ఆ శ్రావణంలో మైక్రోస్కోపు అద్దానికి బూజు పట్టింది.
బూజు కూడా నా సబ్జెక్టే, సగం.

పాణిగ్రాహి సార్ ఆగమనలేదు, వెళ్ళమనలేదు.
"హెర్బేరియం తాళంచెవి సీమాంచలానికి ఇచ్చెయ్" అన్నారు.
సీమాంచలం అందుకుని
ఎందుకో దాన్ని చొక్కాకి తుడిచాడు.

ఇప్పుడు బరంపురంలోనే, అంకులిలో,
పొట్నూరు వారి మసాలా ఫ్యాక్టరీ.
ఒకటో తారీకు జీతం ఒకటో తారీకునే పడుతుంది.
నిజం చెప్పొద్దూ, మొదటి నెల
బాత్రూంలో కుళాయి విప్పుకుని నవ్వాను.
పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను.
రెండేళ్ళ నొప్పి నలభై నిమిషాల్లో పోయింది.

గోదాములో రాతిపువ్వు బస్తాలు.
బిర్యానీ మసాలాలో నూటికి రెండు పాళ్ళు.
కాటా మీద ఒక బస్తా ముప్పై కిలోలు.
అది ఎన్ని వేల ఏళ్ళో
మొదట్లో లెక్క వేసేదాన్ని.

తేమ పన్నెండు శాతం దాటకూడదు.
బెరడు, ఇసుక, పురుగు,
వీటన్నిటికీ కలిపి అన్యపదార్థమని పేరు,
ఒక శాతం లోపుండాలి.
అమ్మాయిలు దీన్ని పొథొరొ ఫులొ అంటారు.
ఒకసారి నేను పార్మోట్రీమా అన్నాను.
ఆ రోజు నుంచి నా వెనకాల నన్నే అలా పిలుస్తున్నారు.

నిన్న పర్లాకిమిడి నుంచి లాటు వచ్చింది.
ట్రేలో పరిచి పట్టకారుతో విడదీస్తుంటే
బొటనవేలి గోరంత పెచ్చు.
దాని మీద ఎర్ర ఎనామిల్.

తొమ్మిదో బండో, పదిహేడోదో.
ఆ బ్రష్షు నాకు తెలుసు.
చలిగాలికి చెయ్యి వణికి
చుక్కకి తోక వచ్చేది ఎటువైపో తెలుసు.

"ఏటది మేడం?" అంది జెమామణి.
"రంగు" అన్నాను.

రిజిస్టరులో రాశాను. అన్యపదార్థం: ఒకటి.
లాటు పాసయింది, పరిమితికి చాలా లోపే.

తర్వాత, అలవాటు కదా, స్కేలు పెట్టాను.
నేను లేని మూడేళ్ళలో
చుక్కని దాటి
నాలుగు మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ.

కొండ మీద వానలు బాగానే పడ్డట్టున్నాయి.