పాతినది, పెట్టినది

దస్తావేజు ఒడియాలో రాశారు.
లింగరాజు పట్నాయక్ కళ్లజోడు నుదుటికెక్కించి
మా కోసం తెలుగులో ఒక్క ముక్క చెప్పాడు:
"పాతినది ఇంటిది. పెట్టినది మనిషిది.
ఇది గుర్తుంటే గొడవలుండవు."
పర్లాకిమిడి రిజిస్ట్రారు కచేరీ గుమ్మంలో
అందరం తలలూపి టీలు తాగాం.

ఆ గ్లాసులు కడగకముందే గొడవ మొదలైంది.

ఫ్యాను పెట్టినది. కొక్కెం పాతినది.
కొక్కెం గాలి విసురుతుందా అన్నాడు మా ఆయన.
ఉదయనాథ్ బెహరా నిచ్చెన దిగనేలేదు.
బల్బులే కాదు, హోల్డర్లూ విప్పుకున్నాడు.
తీగలు రెండేసి నాలికలు చాపి
గోడగోడకీ మమ్మల్ని వెక్కిరించాయి.
బోరు పాతినదట, మోటారు పెట్టినదట.
పెరట్లో పనసచెట్టు పాతినదేనని ఒప్పుకున్నాడు,
"ఈ యేటి కాపు మాత్రం వేలాడుతున్నది కదా" అని
పిందెలు లెక్కపెట్టి, సుద్దముక్కతో
మొదలు మీద అంకె వేసి వెళ్లాడు.
పదిహేడు.

వదిలేసిన వాటికి ఏ సూత్రమూ లేదు.
గుమ్మం పట్టని బీరువా,
ఏ తాళానివో తెలియని తాళంచెవుల గుత్తి,
చచ్చిపోయిన అతని తండ్రి పేరు మీద
మూడు నెలల కరెంటు బిల్లు,
ఒక పిల్లి.
పిల్లి పాతినదా, పెట్టినదా?
తెలుగులో పిలిస్తే చెవైనా కదపదు.

నా కొట్లాట మాత్రం సన్నికల్లు దగ్గర.
వంటింటి మూల, గచ్చులో సగం దిగి,
లేవనంటున్న గేదెలా పడుకుంది.
పాతినది. మాది.
పొత్రం పెట్టినది. వాళ్లది.
కుంతల దాన్ని పాతచీరలో చుట్టి
చంకనేసుకుని బరంపురం లారీ ఎక్కింది.
రాయిని రాయి నుంచి విడదీస్తారా అని
వీధి మధ్య నిలబడి అరిచాను.
ఆవిడ లారీ మీంచి వంగి
"మా భాషలో దీని పేరు శిళపుఅ.
శిళ కన్న కొడుకు.
కొడుకునెవరైనా వదిలి పోతారా?" అంది.
"మరి తల్లినెందుకు వదిలావు?" అన్నాను.
లారీ కదిలింది.
ఎవరి మాట నెగ్గిందో
వీధివాళ్లు ఇప్పటికీ తేల్చలేదు.

సంతలో కొత్త పొత్రం కొన్నాను.
సన్నికల్లు నడుమ ఒక పల్లం ఉంది,
ఇరవై ఏళ్లు ఒక్కతే నూరిన పల్లం,
కాస్త ఎడమకి ఒరిగింది.
కుంతలది ఎడంచేతి వాటం కాబోలు.
నా పొత్రం అంచుల మీదే గడగడలాడుతుంది.
ఆవాలు అడుక్కి చేరి
నలక్కుండా గుండ్రంగా నన్నే చూస్తాయి.

మా ఆయనకి కూడా చెప్పనిది ఒకటుంది.
కాశీనగర్లో మా ఇల్లు అమ్మిన రాత్రి
నేనే కుళాయిలు రెండూ విప్పేసి
గుడ్డ చుట్టిన కర్రబిరడాలు దిగ్గొట్టాను.
ఇత్తడివి.
నా మొదటి కుట్టుకూలితో కొన్నవి.
కొన్నావిడ సుకాంతి. నిండు నెలలు.
తెల్లారి ఆవిడ బిరడా లాగి ఉంటుంది.
నీళ్లు మొహాన కొట్టి ఉంటాయి.

ఆ కుళాయిలు ఇక్కడి గొట్టాలకి పట్టలేదు.
మరలు వేరు.
అటక మీద గోనెసంచిలో ఉన్నాయి.

పనసకాయలకి ఎల్లుండి వస్తానని
బెహరా కబురంపాడు.
పదిహేడులో రెండు పిందెలప్పుడే రాలాయి,
ఒకటి మేం కూర వండుకున్నాం.
ఆ మూడింటికీ జవాబులు
మిషను తొక్కుతూ నూరుకుంటున్నాను.
ఇంకో ప్రశ్న కూడా ఉంది,
అడుగుతానో లేదో తెలీదు:

బరంపురంలో కుంతల
ఆ కొడుకుని
దేని మీద ఆడిస్తోంది?