నాలుగో మీట

రేడియో పాడవలేదు.
ఆ మాట ఔస్త్రకు మూడుసార్లు చెప్పాను.
స్పీకరు బాగుంది, తీగలు బాగున్నాయి,
గుండ్రటి మర ఇంకా టిక్కుటిక్కుమని తిరుగుతోంది.
లియెపాయ ట్రామ్ డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు
కాలిన మోటార్ల వాసన పట్టిన ముక్కు నాది,
చచ్చినదేదో మూత తీయకుండానే తెలుస్తుంది.
ఇది చావలేదు.
పిలుస్తోంది, అంతే.

అర నిమిషానికోసారి
ఎక్కడో ఉన్న ఒక పేరును పిలుస్తోంది.
ఆ పేరుగల వాళ్ళు నవంబరులో సేవ ఆపేశారు.
చివరి ఉత్తరంలో మర్యాదగా ధన్యవాదాలు చెప్పి,
కొత్త మోడలు బొమ్మ ఒకటి కింద అంటించారు.

ఆ రాత్రి సముద్రపు గాలి
ఒక్కో రేకునీ లేపి కింద ఏముందో చూస్తుంటే
వంటింటి బల్ల దగ్గర కూర్చుని
దాని పిలుపులు చదివాను.
మొదట అడిగేది: టైమెంత?
ఆ తర్వాత: నేను గుర్తున్నానా?
ఆ తర్వాత: నాలుగో మీట కింద ఏముంది?
ఇంతే.
కథ చెప్పేవాళ్ళకు ఎవరో ఒకరు ఊ కొట్టాలి కదా,
ఊ ఆగిన చోటే
రాజుగారు గుర్రం మీదే ఉండిపోతాడు కదా.
అలా ఉండిపోయింది.

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద కంప్యూటరు ఒకటి
నా సొరుగులో ఊరికే పడి ఉంది.
దానికి ఆ కంపెనీ పేరే పెట్టాను.
రూటరు చెవిలో ఊదాను:
ఇది ఆ పేరు పిలిస్తే ఇటు పంపు.
అబద్ధమే. నలభై వరుసల అబద్ధం.
ఏడుసార్లు పట్టుకుంది, ఎర్ర దీపం చూపించింది.
ఎనిమిదోసారి, టైమెంత అంటే టైము చెప్పింది పెట్టె.
గుర్తున్నానా అంటే
ఊ అంది.

చిక్కంతా నాలుగో మీట దగ్గర.
రేడియోకు గుర్తున్నది ఒక అంకె:
నాలుగు, ఒకటి, ఎనిమిది, ఏడు, ఏడు.
ఆ అంకెకు అర్థం రాసిన చిట్టా
కంపెనీతోనే పోయింది.
స్టేషను పెట్టినవాడు గున్వాల్దిస్,
చేపల ఓడల్లో వంటవాడు.
ఏ ఊరిదని ఆమె అడగలేదు, ఆయన చెప్పకుండానే పోయాడు.
"స్పానిష్ అనుకుంటా.
పొద్దున్నే ఒకాయన అంకెలు చదువుతాడు.
మధ్యలో దగ్గుతాడు. వెనకాల కుక్క ఉంటుంది."

ఒక దగ్గు కోసం, ఒక కుక్క కోసం
దక్షిణ అమెరికా తీరమంతా గాలించాను.
ఇకీకే. కాదు.
మార్ దెల్ ప్లాతా. కాదు, ఈయన నవ్వుతున్నాడు.
ఇంకోచోట సబ్బు ప్రకటన. కాదు, కాదు.
ఔస్త్ర బంగాళాదుంపల తొక్క తీస్తూనే ఉంది.
పదిహేడో దాని దగ్గర చాకు ఆగింది.
ఎవరో అలల ఎత్తులు చదువుతున్నారు.
మీటరున్నర, రెండు, మీటరున్నర.
దగ్గు లేదు.
తొక్క చాకుకు వేలాడుతుండగా చాలాసేపు విన్నాం.

"కుర్రగొంతు," అంది.
"పాతాయనకు ఆ దగ్గు తగ్గి ఉండదు."
మరి కుక్క?
"కుక్కలు మాత్రం ఎన్నాళ్ళుంటాయి?"
మళ్ళీ తొక్క తీయడం మొదలుపెట్టి,
ఉండనీ, అంది.
నాలుగో మీటకు దాన్నే కట్టాను.

పెట్టెను జోళ్ళ బీరువాలో, చలికాలపు బూట్ల వెనక పెట్టాను.
పొగబెట్టిన చేపలు రెండు పేపర్లో చుట్టి నా చేతికిస్తూ అడిగింది:
"రేపు నువ్వూ ఆపేస్తే?"
జవాబు తోచలేదు.
పాస్‌వర్డు చీటీ బీరువా తలుపు లోపలివైపు అతికించాను,
కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో.

డిపో ఇంకా పారేయని పాత ట్రామ్ దొరికింది ఇంటికి.
దాని కింది మోటారు నేను చుట్టిందే.
వంతెన ఎక్కుతూ మూలిగింది.
ఊ, అన్నాను.
పక్క సీటు అమ్మాయి చెవుల్లోంచి తీగలు తీసి
నా వైపు చూసింది.