మూడు వందల ఇరవై నంబరు

ఏడో తరగతి, బీ సెక్షను.
పలాసలో రైలుకట్ట దాటాక మా బడి.
జీడి బట్టీల పొగ కిటికీలోంచి వచ్చి
అటెండెన్సు రిజిస్టరు మీద కూర్చుంటుంది.

బోర్డు మీద రెండే రెండు భిన్నాలు వేశాను:
నాలుగో వంతు, ఎనిమిదో వంతు.
ఏది పెద్దదర్రా?
నలభై రెండు గొంతులు ఒక్కటై
"ఎనిమిదో వంతు సారూ!"
నాలుగు కన్నా ఎనిమిది పెద్దదని
ఒకటో తరగతిలో నేర్పింది మేమే మరి.

రొట్టె గీశాను. పుచ్చకాయ గీశాను.
కాగితం మడిచాను, మళ్ళీ మడిచాను,
చించి చేతుల్లో పెట్టాను.
పుస్తకంలో ఉన్న పిజ్జా బొమ్మని
గుంటలందరూ బండి చక్రం అనుకున్నారు.
తలలూపారు.
తలూపడం ఇక్కడ మర్యాద,
అర్థమైందని కాదు.
శనివారం పరీక్ష పెడితే
మళ్ళీ ఎనిమిదే గెలిచింది.

ఆ రాత్రి కాశీబుగ్గ అద్దె గదిలో
పేపర్లు దిద్దుతూ
ఎర్రసిరా ఎవరి తప్పు మీద పెడుతున్నానో
నాకే తెలియలేదు.

సోమవారం తామాడ ఊర్మిళ ఆలస్యంగా వచ్చింది.
వేళ్ళ కొసలు నల్లగా, పొరలు లేచి.
జీడి సొన బూడిదకీ లొంగదు, సబ్బుకీ లొంగదు.
"రాత్రి సరుకెక్కువొచ్చినాది సారూ,
మాయమ్మకి సాయం కూకున్నాను."
గుప్పెట్లోంచి రెండు పప్పులు తీసి
నా బల్ల మీద పెట్టింది,
ఆలస్యానికి జరిమానా కట్టినట్టు.

చిన్నవే తెచ్చావేం? అన్నాను, నవ్వులాటకి.
"ఇవి మూడొందల ఇరవై నంబరు సారూ.
నూటెనబై నంబరయితే నా బొటనేలంతుంతాది.
అది మాకందదు, డబ్బాల్లో ఎల్లిపోద్ది."

పెద్ద నంబరుకి చిన్న పప్పా?
నిజంగా తెలీకే అడిగాను,
పదకొండేళ్ళుగా ఈ ఊరి పొగ పీలుస్తూ,
ఈ ఊరి పప్పే కొని తింటూ.

ఊర్మిళ నా వైపు జాలిగా చూసింది.
రోజూ నేను వాళ్ళని చూసే చూపే అది.
"తూకం ఒకటే గదా సారూ.
ఆ తూకంలోకి నూటెనబై పడితే పెద్దవి.
అందులోనే మూడొందల ఇరవై పట్టాలంటే
సిన్నవి గాక ఏటవుతాయి?"

సుద్దముక్క ఆ నల్లటి వేళ్ళకిచ్చాను.
ఒకటి వేసింది, గీత గీసింది, కింద నూట ఎనభై.
పక్కన ఒకటి, గీత, కింద మూడు వందల ఇరవై.
గీత కింద ఉన్నది పెరిగేకొద్దీ...
అని నేను అందుకోబోయేలోగా
వెనక బెంచీలోంచి పైల డిల్లేసు అరిచాడు:
"అయితే ఎనిమిదో వంతు సిన్నదేటి!"

పెనంలో గింజలు చిట్లినట్టు
గదంతా చిటపటలు.
ఎవరింటి లెక్క వాళ్ళు
ఇన్నాళ్ళూ గుమ్మం బయట
చెప్పులతో పాటు విడిచి వస్తున్నారని
నాకెవరు చెప్తారు?

ఆ ఊపులో నేను ఆగాల్సింది.
ఆగలేదు.
ఊర్మిళ తెచ్చిన పప్పునే రెండుగా విరిచి
సగానికి సగం కలిపి బోర్డు మీద వేసి
ఎంత? అన్నాను.
ఒకటీ! అంది తరగతి.
ఊర్మిళ అనలేదు.

"మా బట్టీలో అవదు సారూ.
గుండుకొక రేటు, బద్దకొక రేటు.
రెండు బద్దలు అతికించి సూపించినా
గుండు ధర రాదు.
బద్ద ఎక్కువైతే మాయమ్మ కూలిలో కోస్తారు."

అది లెక్కల్లో తప్పు కాదమ్మా, అన్నాను.
"మరి దేన్లో తప్పు?" అంది.

గొంతులో కోపమేమీ లేదు.
ఇంటిలెక్క చెప్తే రాసుకోవడానికి
పెన్సిలు పట్టుకు నిలబడ్డట్టుంది.

సింహాద్రి గంట కొట్టాడు.
తర్వాతి పీరియడు సాంఘిక శాస్త్రం.
సుగుణ మేడం వచ్చి డస్టరు అందుకుంది.
పైన అంతా తుడిచెయ్యండి మేడం,
ఆ రెండు సగాలూ మాత్రం ఉంచండి, అన్నాను.