నూట పది

పోస్టాఫీసు పాత బళ్ళు వేలం వేసిన రోజు
మెర్విన్ ట్రెగెంజా ఏరికోరి నా బండినే కొన్నాడు.
పంతొమ్మిదేళ్ళు నేను నడిపిన ఎర్ర బండి.
మూంటా వీధుల్లో ప్రతి గేటు దగ్గరా ఆగి,
ఉత్తరం వేసి, కుక్కను కసిరి,
ముప్ఫై అడుగులు పోయి
మళ్ళీ ఆగిన బండి.

ఆ సాయంత్రం పిట్టగోడ అవతలి నుంచి అడిగాడు:
"డెల్సీ, నీ భుజాల వెడల్పెంత?"
అరవై ఒక్కేళ్ళ ఆడదాన్ని
దర్జీ కూడా అడగడం మానేసిన ప్రశ్న.

షెడ్డులో బల్ల మీద వెల్లకిలా పడుకోమన్నాడు.
నా పాదాలకు ఎదురుగా, దూరంగా,
లారీ హెడ్‌లైటొకటి వెలిగించి
తల వెనక గోడ మీద పడ్డ నీడ చుట్టూ
సుద్దముక్కతో గీత గీశాడు.
"గాలికి నువ్వు కనబడేది ఇంతే.
ఇది తగ్గాలి."

మూడు చలికాలాలు మేం చెక్కింది ఆ నీడనే.
సీటు పోయింది. ఉత్తరాల పెట్టె పోయింది.
హ్యాండిల్ పోయి, తుంటికి అటొకటి ఇటొకటి
రెండు పిడులు మిగిలాయి.
ఫోము దిమ్మను రంపంతో కోసి, గరుకు కాగితంతో రుద్ది,
కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి చూసేవాడు.
"కన్ను మొహమాటపడుతుంది, చెయ్యి పడదు."
దాని మీద గ్లాస్ ఫైబర్, పొర మీద పొర.
ఆ రెసిన్ వాసన నా స్వెట్టర్ని ఇప్పటికీ వదల్లేదు.

చూడ్డానికొచ్చినవాళ్ళు చేప అన్నారు, చుట్ట అన్నారు.
వాళ్ళావిడ థెల్మా "శవపేటిక" అనేసి,
నాలిక కరుచుకుని,
టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

కళ్ళకు గంతలు కట్టి నన్ను లోపల బిగించేవాడు.
ఏడు బెల్టులు విప్పుకుని, మూత తోసి, బయటపడాలి.
మొదటిసారి నలభై సెకన్లు.
నడుం పట్టేసిందన్నాను.
"నిప్పుకి చెప్పు ఆ మాట," అన్నాడు.
పన్నెండుకి తెచ్చేసరికి
రెండో చలికాలం అయిపోయింది.

ఇంజను మాత్రం అదే. నూట పది సీసీ.
పళ్ళచక్రాలు మార్చాడు, కార్బ్యురేటర్ మార్చాడు,
పొగగొట్టం పొడుగు మీద నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు.
ఒక రాత్రి తొలిసారి గొంతెత్తి అరిచిందది.
వీధి చివర ముసలి కుక్క లేచి మొరిగింది.
గుర్తుపట్టిందనే నా నమ్మకం.

మార్చిలో ట్రైలర్‌కి కట్టి ఉత్తరానికి బయల్దేరాం.
ఐరన్ నాబ్ దాటాక ఎర్రమట్టి,
ఎర్రమట్టి దాటాక ఉప్పు:
కనుచూపు ఆనినంత మేర తెల్లగా
ఒక్క గేటు కూడా లేని నేల.
"ఉప్పంటే తుప్పే," అంటూ
మెర్విన్ రాత్రంతా బోల్టులకు గ్రీజు పూశాడు.
తెల్లవారుజామున గుడారం మీద చప్పుడు మొదలైంది.
మొదట గాలి అనుకున్నాం.

పొద్దున్న లేచేసరికి సరస్సు లేదు,
రెండు ఆకాశాలున్నాయి.
రబ్బరు బూట్లలో అధికారులొచ్చి
నీళ్ళలో స్కేలు గుచ్చి తలూపారు, అడ్డంగా.
వరసలో వందకు పైగా బళ్ళు.
ఎవరూ ఎవర్నీ తిట్టలేదు.
టాస్మేనియా కుర్రాడొకడు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని
నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు.
మెర్విన్ సాక్సులు విప్పి, చాలా దూరం నడిచి,
పిక్కలకు తెల్లటి చారలతో తిరిగొచ్చాడు.
"అంగుళంన్నర."
ఆ రోజంతా అతనన్నది అంతే.

తిరుగుదారిలో తారురోడ్డు ఎక్కాక
నేను నడుపుతున్నాను.
అతను వెనకద్దంలోకే చూస్తున్నాడు.
టార్పాలిన్ చివర ఎగిరినప్పుడల్లా
దాని వెండి ముక్కు కనబడి మాయమవుతోంది.
స్పీడోమీటర్ ముల్లు వైపు ఒకసారి చూసి,
జేబులోంచి లాగ్‌బుక్కు తీసి, పెన్సిల్ నాలిక మీద తడిపి,
'అత్యధిక వేగం' అన్న గడిలో రాశాడు:
గంటకు నూట పది కిలోమీటర్లు.
కాసేపాగి, కింద చిన్న అక్షరాల్లో:
గాలి వెనకనుంచి. ఎక్కడా ఆగలేదు.

థెల్మా గేటు తీసి పట్టుకుంది, ఏమీ అడగలేదు.
బండి దింపి, చేతులు కడుక్కుని
ఇంటికి పోబోతుంటే పిలిచాడు.
హెడ్‌లైటు వెలిగింది.
గోడ మీద నా పాత గీతలు, ఒకదానిలో ఒకటి.
"పడుకో ఒకసారి, డెల్సీ.
ఎడం భుజం ఇంకా ఒక వేలు ఎక్కువే."